పదో మెట్టు దగ్గర ఆగిన సాయం

తల్లిపాల విషయంలో బాన్సువాడకు ఒక పేరుంది. కామారెడ్డి జిల్లాలోని ఈ పట్టణంలో ఉన్న ప్రభుత్వ మాతా శిశు ఆసుపత్రికి 2022లో ‘బ్రెస్ట్‌ఫీడింగ్ ఫ్రెండ్లీ హాస్పిటల్’ గుర్తింపు దక్కింది. దాని వెనుక ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 1989లో రూపొందించి, 2018లో సవరించిన పది మెట్లున్నాయి. పుట్టగానే బిడ్డను తల్లి ఒంటికి ఆనించాలి, గంటలోపు ముర్రుపాలు పట్టించాలి, తల్లినీ బిడ్డనూ వేరు చేయకూడదు, వైద్య కారణం లేకుండా డబ్బాపాలు ముట్టించకూడదు. ఈ మెట్లను గమనించి చదివితే ఒక సంగతి తెలుస్తుంది. అవి తల్లికి చెప్పే సుద్దులు కావు, ఆసుపత్రికి పెట్టిన షరతులు. నర్సుకు శిక్షణ ఉండాలి, వార్డు ఏర్పాటు మారాలి, పాలపొడి కంపెనీ ప్రచారం గడప తొక్కకూడదు. తల్లి మనసు మార్చడం కంటే తల్లి చుట్టూ ఉన్న పద్ధతి మార్చడం మీదనే ఆ పథకం నిలబడింది. చివరిదైన పదో మెట్టు, ఇంటికి పంపించేటప్పుడు ఆ తర్వాత కూడా తల్లికి సాయం అందేలా చూడమంటుంది. ఆసుపత్రి చేయి అందేది అంతవరకే. పనిచేసే తల్లి అసలు కష్టం అక్కడి నుంచే మొదలవుతుంది.

బాన్సువాడ సాధించినది చిన్న విషయం కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. అయినా గంటలోపు తల్లిపాలు అందిన బిడ్డలు 37 శాతమే. అదే సర్వేలో సిజేరియన్లు 60.7 శాతం. అంటే తల్లి ఆసుపత్రి మెట్లెక్కడంతోనే పని పూర్తికాదు, ఆసుపత్రి నడిచే తీరు మారాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో అది సాధ్యమేనని బాన్సువాడ చూపించింది. ఇదే తర్కాన్ని పనిచోటికి ఎందుకు తీసుకుపోలేదన్నది ఈ వ్యాసం అడిగే ప్రశ్న. పనిచేసే తల్లులకు మన దేశంలో చట్టాలున్నాయి, పథకాలున్నాయి, కోర్టు తీర్పులున్నాయి. వాటన్నిటినీ వరసగా పెట్టి చూస్తే ఒక లోపం కనిపిస్తుంది. సాయం అందాలా వద్దా అన్నది తల్లి ఎవరి దగ్గర పనిచేస్తోంది, అక్కడ ఎంతమంది ఉన్నారు అన్న లెక్క మీద ఆధారపడి ఉంది. బిడ్డ అవసరమేమో వయసును బట్టి నడుస్తుంది. ఈ రెండు కొలతలూ కలవవు. సాయాన్ని యజమాని నుంచి విడదీసి బిడ్డ వయసుకు కట్టాలి.

ముందు ఇక్కడి పనులు ఎలాంటివో చూద్దాం. బాన్సువాడ నిజాంసాగర్ ఆయకట్టు ప్రాంతం. 1931లో మంజీర మీద పూర్తయిన ఆ ప్రాజెక్టు ఈ నేలను వరి సీమగా మార్చింది. వరి అంటే నాట్లు, కలుపు, అంటే ఆడవాళ్ల నడుములు. నాట్లు చాలాచోట్ల గుత్తకు జరుగుతాయి. పది పన్నెండు మంది ఆడవాళ్లు జట్టుకట్టి ఎకరానికి ఇంతని మాట్లాడుకుని, వచ్చింది పంచుకుంటారు. జట్టులో ఒక బాలింత బిడ్డకు పాలివ్వడానికి గట్టెక్కితే ఆమె వంతు మిగతావాళ్ల మీద పడుతుంది. విరామం ఇవ్వడానికి అక్కడ యజమాని ఉండడు, మొహమాటం మాత్రం ఉంటుంది. పాత నిజామాబాద్ జిల్లా అంతటా ఇళ్లలో సాగే మరో పని బీడీలు చుట్టడం. ఒడిలో చాట, చాటలో తునికాకు, పొగాకు, పక్కనే బిడ్డ. ఇంట్లోనే ఉంది కదా, బిడ్డను చూసుకోవచ్చు కదా అనిపిస్తుంది. కానీ కూలి వెయ్యి బీడీల లెక్కన. పాలిచ్చిన ప్రతి అరగంటకూ కొన్ని బీడీలు తగ్గుతాయి. పైగా బిడ్డ పీల్చేది పొగాకు ధూళి. తొలి ఆరు నెలల్లో బిడ్డ రెండు మూడు గంటలకోసారి పాలకు ఏడుస్తుంది. చట్టం ‘పాలిచ్చే విరామం’ అని పిలిచే ఆ సమయానికి జీతం ఎవరిస్తున్నారంటే, గుత్త పనిలోనూ బీడీ పనిలోనూ తల్లే తన కూలిలోంచి ఇచ్చుకుంటోంది.

చట్టం ఏం చెబుతుంది? మన దేశంలో ప్రసూతి చట్టాల కథ దాదాపు వందేళ్లది. 1928లో బొంబాయి శాసన మండలిలో ఫ్యాక్టరీ కార్మిక స్త్రీల ప్రసూతి బిల్లు చర్చకు వచ్చినప్పుడు డాక్టర్ అంబేడ్కర్ దాన్ని సమర్థించారు. కాన్పు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం జాతికే మేలనీ, కాబట్టి ఆ భారంలో ఎక్కువ పాలు ప్రభుత్వమే మోయాలనీ, అయితే ఆమె శ్రమతో లాభపడే యజమాని పూర్తిగా తప్పించుకోకూడదనీ ఆయన వాదన. మరుసటి ఏడు బొంబాయి చట్టం వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత 1961లో దేశమంతటికీ ప్రసూతి ప్రయోజనాల చట్టం వచ్చింది. 2017 సవరణ వేతనంతో కూడిన సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచింది. మూడో కాన్పుకు 12 వారాలే ఉంచింది. యాభై మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు బిడ్డ దగ్గరికి వెళ్లిరావచ్చని రాసింది. బిడ్డకు పదిహేను నెలలు నిండేదాకా రోజుకు రెండు పాలిచ్చే విరామాలు పాత చట్టంలోనే ఉన్నాయి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి ఈ హక్కులను తనలో కలుపుకుంది. కాగితం మీద చూస్తే 26 వారాలంటే చాలా ఉదారమైన సెలవు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000 నాటి ఒడంబడికలో అడిగిన కనీసం 14 వారాలే.

అయితే ఆ సెలవు ఎవరికి? చట్టం ‘సంస్థ’ను చూస్తుంది. ఫ్యాక్టరీ కావాలి, లేదా పది మంది పనివారున్న దుకాణమో కార్యాలయమో కావాలి. ఆ పైన గడిచిన ఏడాదిలో 80 రోజులు పనిచేసినట్టు రుజువుండాలి. న్యాయస్థానాలు ఈ గీతను కొంత వెనక్కి జరిపాయి. ఢిల్లీ నగరపాలక సంస్థలో మస్టర్ రోల్ మీద పనిచేసే రోజుకూలీ స్త్రీలకూ ప్రసూతి ప్రయోజనాలు వర్తిస్తాయని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. కాంట్రాక్టు గడువు మధ్యలో ముగిసినా ప్రయోజనం ఆగిపోకూడదని 2023లో కవితా యాదవ్ కేసులో తేల్చింది. ఇవి గొప్ప తీర్పులు. కానీ రెండింటిలోనూ ఎదుట ఒక యజమాని ఉన్నాడు, ఒక హాజరు పట్టీ ఉంది. నాట్ల జట్టుకు హాజరు పట్టీ ఉండదు. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం ఇంటి దగ్గర బీడీలు చుట్టేవారిని కూడా ఉద్యోగుల్లో చేర్చింది, అది దూరదృష్టే. కానీ పనిదినాల లెక్క ఉండేది కమీషన్‌దారు పుస్తకంలో. కార్ఖానాకు పెట్టిన శిశు సంరక్షణ నియమం, పని కార్ఖానా వదిలి గడపలోకి రావడంతోనే అర్థం కోల్పోయింది. చట్టం వెంట పడుతున్న కొద్దీ పని దానికి అందని చోటికి జారుకుంది.

సంస్థ లేని తల్లికి ప్రభుత్వం నేరుగా డబ్బిచ్చే దారి ఒకటుంది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం గర్భిణులకు, బాలింతలకు ఆరు వేల రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలంది. 2017లో మొదలైన ప్రధానమంత్రి మాతృ వందన యోజన మొదటి కాన్పుకు ఐదు వేలు ఇస్తుంది. తర్వాత రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే ఆరు వేలు ఇచ్చే నియమం చేరింది. 2017లోనే తెలంగాణ తెచ్చిన కేసీఆర్ కిట్ పథకం ప్రభుత్వాసుపత్రిలో కాన్పయితే మగబిడ్డకు 12 వేలు, ఆడబిడ్డకు 13 వేలు విడతలుగా ప్రకటించింది. ఈ సొమ్మును చట్టం ఉద్యోగినికి ఇచ్చే సెలవు పక్కన పెట్టి చూడాలి. 26 వారాలంటే 182 రోజులు. ఐదు వేలను ఆ రోజులకు పంచితే రోజుకు 27 రూపాయలు. పన్నెండు వేలను పంచినా 66 రూపాయలు. ఆ డబ్బుతో పోషకాహారం కొంత దొరకవచ్చు గానీ, నాటు కూలి వదులుకుని ఇంట్లో ఉండగల ధైర్యం దొరకదు. ఉద్యోగిని బిడ్డకు ఆరు నెలలు తల్లి దొరుకుతుంది. కూలి తల్లి బిడ్డకు తల్లి ఎన్నాళ్లు దొరుకుతుందన్నది ఆ ఏడు నాట్లు ఎప్పుడు పడ్డాయన్న దాన్ని బట్టి ఉంటుంది.

సెలవు కథ ఇలా ఉంటే, సెలవు తర్వాతి కథ ఇంకా పలచన. తెలంగాణలో 35,700 అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. వాటిలో కూర్చోబెట్టి ఆటపాటలు చెప్పేది మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు. ఏడు నెలల నుంచి మూడేళ్ల దాకా ఉన్న పిల్లలకు ఇంటికి తీసుకుపోయే బాలామృతం, గుడ్లు. 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు రోజూ ఒక పూట భోజనం. ఇవన్నీ విలువైనవే. కానీ తల్లి పనికి పోయిన ఎనిమిది గంటలు నడక రాని బిడ్డను ఎవరు ఎత్తుకోవాలన్న ప్రశ్నకు వీటిలో జవాబు లేదు. ఫ్యాక్టరీల చట్టం ముప్పై మందికి మించి స్త్రీలుంటే శిశు గది పెట్టమంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం ఇంకో మంచి నియమం రాసుకుంది. పనిచోటికి ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురు వస్తే, కూలీల్లో ఒక స్త్రీని వాళ్లను చూసుకోవడానికి పెట్టి ఆమెకు కూలి ఇవ్వాలన్నది. యజమానిని కాక పిల్లల్ని లెక్కపెట్టిన అరుదైన నియమం అది. కానీ నీడా ఊయలా లేని చెరువు గట్టు మీదికి, మే నెల ఎండలో, బిడ్డను తెచ్చే తల్లి ఎవరు? ఐదుగురు రాకపోతే నియమం అమలు కాదు. అమలు కాని చోటికి పిల్లలు రారు.

ఇక అభ్యంతరాలు. మొదటిది గట్టిదే. ఆడవాళ్లకు హక్కులు పెంచిన కొద్దీ వాళ్లను పనిలో పెట్టుకునేవాళ్లు తగ్గుతారని యజమానుల మాట. 2017 సవరణ తర్వాత టీమ్‌లీజ్ సంస్థ పది రంగాలను పరిశీలించి, ఒక్క ఏడాదిలో 11 నుంచి 18 లక్షల మంది స్త్రీలు ఉద్యోగాలకు దూరం కావచ్చని అంచనా వేసింది. అది అంచనాయే తప్ప లెక్కించిన నష్టం కాదు. అయినా అందులోని తర్కాన్ని కొట్టిపారేయలేం. ఆరు నెలల జీతం పూర్తిగా తన జేబులోంచే పోతుందని తెలిసిన చిన్న బడి యాజమాన్యం, కొత్తగా పెళ్లయిన టీచరమ్మను పెట్టుకోవడానికి వెనకాడుతుంది. అయితే దీనివల్ల తేలేది హక్కు తప్పని కాదు, బిల్లు పంపిన చిరునామా తప్పని. మన దేశంలోనే దీనికి సరైన నమూనా ఉంది. నెలకు 21 వేల లోపు జీతగాళ్లకు వర్తించే ఈఎస్ఐలో 26 వారాల ప్రసూతి వేతనం నిధి నుంచి వస్తుంది. యజమాని కట్టే 3.25 శాతం ఆడకైనా మగకైనా ఒకటే. ఆడమనిషిని పెట్టుకున్నందుకు అదనపు ఖర్చు లేదు కనుక ఆమెను వద్దనడానికి లెక్కల కారణమూ లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడిక కూడా ఈ ఖర్చు ఒక్కొక్క యజమాని మీద నేరుగా పడకుండా బీమా నుంచో ప్రభుత్వ నిధి నుంచో రావాలంటుంది. కొంత వేతనాన్ని యజమానులకు తిరిగి చెల్లించాలన్న ప్రతిపాదనను 2018లో కేంద్ర కార్మిక శాఖే బయటపెట్టింది. అంబేడ్కర్ తొంభై ఏళ్ల ముందు అన్నదానికి అది ఆలస్యంగా వచ్చిన ప్రతిధ్వని.

రెండో అభ్యంతరం ఇంటి లోపలి నుంచి వస్తుంది. అమ్మమ్మలు, నాయనమ్మలు లేరా, మన పిల్లలు అలాగే పెరగలేదా అని. పెరిగారు, ఇప్పటికీ పెరుగుతున్నారు. కానీ ఈ మాటలో దాగిన లెక్క ఏమిటంటే, నాయనమ్మ శ్రమ ఉచితం, ఆమెకు వేరే పని లేదు. కూలి ఇళ్లలో యాభై దాటిన ఆడమనిషి కూడా నాట్ల జట్టులోనే ఉంటుంది. కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల నుంచి మగవాళ్లు ఏళ్ల తరబడి గల్ఫ్‌కు పోతున్నారు. ఆ ఇళ్లలో పొలం, పశువు, అప్పు, బిడ్డ, అత్తమామల మందులు, అన్నీ ఒక్క ఆడమనిషి మీద నడుస్తాయి. ఆ ఒక్కరూ పనికి పోతే మిగిలేది పెద్ద కూతురు. తొట్టెల ఊపడానికి బడి మానేసే పిల్ల రేపటి చదువులేని తల్లి. అంటే కుటుంబం చూసుకుంటుందనే ఏర్పాటుకు కూడా ఖర్చుంది. అది ఏ బడ్జెట్‌లోనూ కనిపించదు కాబట్టి ఉచితమనుకుంటున్నాం. 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు, చేసే మగవాళ్లు 88 నిమిషాలు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజుల పితృత్వ సెలవుంది. ప్రైవేటు ఉద్యోగికి అలాంటిదేదీ చట్టంలో లేదు. తండ్రి సమయానికి లెక్కే లేని చోట, పిల్లల పెంపకం కుటుంబానిదంటే అది ఆడవాళ్లదని అర్థం.

మూడో అభ్యంతరం బిడ్డ పక్షాన వస్తుంది కాబట్టి దాన్ని గౌరవంగా వినాలి. పసిబిడ్డను పరాయి చేతుల్లో పెట్టడం మంచిదా? దీనికి పూర్తి జవాబు ‘మంచిదే’ అని కాదు. కెనడాలోని క్యుబెక్ 1997లో రోజుకు ఐదు డాలర్లకే శిశు సంరక్షణ మొదలుపెట్టింది. తల్లుల ఉద్యోగాలు స్పష్టంగా పెరిగాయి. కానీ కొందరు ఆర్థికవేత్తల పరిశీలనలో పిల్లల నడవడి మీద చెడు ప్రభావాలూ కనిపించాయి. తొందరగా, నాణ్యత చూడకుండా విస్తరిస్తే తల్లికి మేలు చేసిన ఏర్పాటే బిడ్డకు కీడు చేయగలదన్న హెచ్చరిక అది. కాబట్టి ఒక్కొక్కరి చేతిలో ఎంతమంది పిల్లలున్నారు, చూసేవాళ్లకు ఏం నేర్పారు అన్నవి తర్వాత తీరిగ్గా చూసుకునే వివరాలు కావు. అయితే పోలిక దేనితో అన్నదీ మరచిపోకూడదు. ఇక్కడ పోటీ తల్లి ఒడికీ శిశు కేంద్రానికీ మధ్య కాదు. తల్లి ఒడి ఎప్పుడో పనికి పోయింది. పోటీ శిక్షణ ఉన్న ఒక మనిషికీ ఎనిమిదేళ్ల అక్కకూ మధ్య, శుభ్రమైన గదికీ పొగాకు ధూళికీ మధ్య.

నాలుగో ప్రశ్న, ఇదంతా ఎవరు నడుపుతారన్నది. అంగన్‌వాడీకి అప్పగిస్తే సరిపోతుందన్నది సులభమైన జవాబు, తప్పు జవాబు కూడా. ఇప్పటికే సర్వేలు, బరువులు, ఫోన్‌లో నమోదులు, బడి, వంట అన్నీ గౌరవ వేతనం మీద మోస్తున్న అంగన్‌వాడీ టీచర్ తానే ఒక పనిచేసే తల్లి. ఆమె మీద ఇంకో బరువు పెట్టి తల్లులకు మేలు చేశామనడం వింత న్యాయం. కేంద్రం మిషన్ శక్తి కింద నడుపుతున్న ‘పాల్నా’ పథకం అంగన్‌వాడీలోనే శిశు కేంద్రం పెట్టి, దానికి వేరే మనుషులను నియమించమంటుంది. ఆ దారి మంచిదే. కర్ణాటక 2023లో ‘కూసిన మనె’ పేరుతో గ్రామ పంచాయతీల్లో మూడేళ్ల లోపు పిల్లలకు కేంద్రాలు తెరవడానికి పూనుకుంది. ఉపాధి పనికి పోయే తల్లుల కోసం పుట్టిన ఆ ఆలోచన, పని జరిగే గట్టును వదిలి ఊరినే కొలతగా తీసుకుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహిళా సంఘాల గ్రామ సమాఖ్యలు గర్భిణులకు, చిన్నపిల్లలకు పోషకాహార కేంద్రాలు నడిపిన అనుభవం మనకూ ఉంది. కాబట్టి మనుషులు లేరన్నది సాకు. వాళ్లకు జీతం ఇవ్వాలన్న నిర్ణయమే లేదు.

ఉద్యోగం చేసే చదువుకున్న తల్లుల సమస్య వేరేదన్న అభిప్రాయం ఒకటుంది. లోతుకు పోతే అదీ ఇదే. 2023లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ అమెరికా గురించి చెప్పింది ఏమిటంటే, ఒకే చదువు, ఒకే ఉద్యోగం ఉన్న ఆడా మగా జీతాల మధ్య ఇవాళ మిగిలిన తేడాలో ఎక్కువ భాగం మొదటి బిడ్డ పుట్టాక తెరుచుకుంటుంది. ఎప్పుడు పిలిస్తే అప్పుడు పలికే ఉద్యోగికి ఎక్కువ జీతమిచ్చే పద్ధతే అందుకు కారణం. హైదరాబాద్ ఐటీ కార్యాలయంలో రాత్రి ఫోన్‌కు అందుబాటులో లేని తల్లికి పదోన్నతి జారిపోవడం, నాట్ల జట్టులో గట్టెక్కిన తల్లి మొహమాటపడటం ఒకే చెట్టు కాయలు. రెండుచోట్లా పని గంటలను బిడ్డ లేని మనిషి కోసమే కొలిచారు. తేడా ఒక్కటే. మొదటి తల్లికి కనీసం సెలవు ఉంది, కొట్లాడటానికి ఒక చట్టం ఉంది. అందుకే సంస్కరణ రెండో తల్లి నుంచి మొదలవ్వాలి. ఆమెకు పనికొచ్చే ఏర్పాటు మొదటి ఆమెకూ పనికొస్తుంది. మొదటి ఆమె కోసం చేసినది రెండో ఆమెకు చేరదని అరవై ఏళ్ల చట్టం నిరూపించింది.

కాబట్టి ప్రసూతి వేతనం ఈఎస్ఐ తరహాలో ఉమ్మడి నిధి నుంచి రావాలి. సంస్థ లేని తల్లికి ఆ నిధిలో ప్రభుత్వమే వాటా కట్టి, కనీస కూలి లెక్కన ఇవ్వాలి. ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా బిడ్డను చూసే కేంద్రం ఊరికి, వాడకు ఒకటి ఉండాలి. దాని వేళలు ఆఫీసు గడియారాన్ని కాక నాట్ల గడియారాన్ని పాటించాలి, అంటే పొద్దున్నే తెరవాలి. వానాకాలం, యాసంగి నాట్లప్పుడు మనుషులను పెంచాలి. బీడీలు చుట్టే తల్లికీ ఆ గదిలో చోటుండాలి, బిడ్డకు పొగాకు దూరం కావడం కోసమైనా. వీటిలో ఏదీ బాన్సువాడ లాంటి పట్టణానికి కొత్త పాఠం కాదు. తల్లికి బోధించే ముందు తన పద్ధతి మార్చుకోవాలని అక్కడి ప్రసూతి వార్డు ఒప్పుకుంది. అది ఆసుపత్రి గోడల మధ్య తొమ్మిది మెట్లు సరిచేసుకుంది. పదోది ఆసుపత్రి ఒక్కటే కట్టగలిగేది కాదు, అది ఊళ్లో కట్టాల్సిన మెట్టు. ఇంటికి పంపిస్తూ తల్లి చేతిలో పెట్టే కాగితం మీద టీకా తేదీలుంటాయి. పనికి పోయే రోజు బిడ్డను ఎక్కడ దింపాలో చెప్పే ఒక చిరునామా కూడా దాని మీద ఉండాలి.